బాబాయి ముఖం, నా గొంతు

పదకొండేళ్ళపాటు ఆయన నోరు తెరిస్తే బయటికి వచ్చింది నా మాట. వారానికి ఐదు రోజులు, సాయంత్రం ఏడున్నరకి, ఎన్ని ఇళ్ళలోనో జనం ఆయన ముఖం చూస్తూ నా గొంతు విన్నారు. ఆ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ. డబ్బింగ్ చెప్పేవాడి పేరు సీరియల్ చివర్లో పడుతుంది, అదీ చదివేలోపే సబ్బు ప్రకటన వచ్చి మింగేస్తుంది. ఆయన గురించి రాయడానికి నువ్వెవడివని ఎవరైనా అడిగితే, ఆ పదకొండేళ్ళూ ఆయన అసలు గొంతుని రోజూ చెవులప్పగించి విన్నవాణ్ణి నేనొక్కణ్ణే అని చెప్తాను. విని ఏం చేశానో కూడా ఇందులోనే రాస్తాను. అది వదిలేసి మిగతాదంతా రాస్తే సన్మాన సభలో ఉపన్యాసంలా ఉంటుంది. అలాంటివి వింటే నాకు ఒళ్ళుమంట.

ఆయన మొదట నటుడేమీ కాదు. ఇరవై రెండేళ్ళ వయసులో బస్టాండులో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏది ఆలస్యమో చెప్పే ఉద్యోగం. ఓ అద్దాల గది, అందులో ఓ బల్ల, ఓ మైకు, తిరిగితే కిర్రుమనే ఫ్యాను. మైకు పాడైన రోజున కిటికీ తెరిచి ఊరికే చెప్పినా అటు చివర నిలబడ్డ బస్సుదాకా వినబడేదట. ఒకరోజు నాటక సమాజం నడిపే మేనేజరు అక్కడ బస్సు కోసం కూర్చున్నాడు. తన బస్సు వచ్చిందని పిలిస్తే ఎక్కలేదట, ఇంకోసారి పిలుస్తాడేమో విందామని. ఇది మేనేజరు చెప్పే కథ, అందులో సగం కోతలే అయ్యుంటాయి. బస్సు వెళ్ళిపోయాక ఆ అద్దాల గదిలోకి వెళ్ళి, "ఇంత గొంతు బస్సులకెందుకయ్యా దండగ?" అని అడిగిన మాట మాత్రం నిజం. నెల తిరిగేసరికి ఈయన సమాజంలో చేరాడు. అక్కడివాళ్ళు పెట్టిన పేరు కంచు.

సమాజంలో దుస్తులు కుట్టే అమ్మాయి ఒకతె ఉండేది. మాటకి మాట అప్పజెప్పే రకం. ఈయనకి కోటు కొలతలు తీసుకుంటూ, "ఊపిరి పీలిస్తే ఒక కొలత, వదిలితే ఒక కొలత. మీకు రెండు కోట్లు కుట్టాలా ఏంటి?" అందట. "ఒక్కటి చాలు, పీల్చుకునే ఉంటాను" అన్నాడట ఈయన. ఏడాదికి పెళ్ళి చేసుకున్నారు. పిల్లలు పుట్టలేదు. ఆ బాధ ఆవిడ నాతో ఒకే ఒక్కసారి చెప్పుకుంది, ఈయన ఒక్కసారి కూడా చెప్పుకోలేదు. వాళ్ళని నేను బాబాయి, పిన్ని అని పిలవడం ఎప్పుడు మొదలుపెట్టానో గుర్తులేదు. మా మధ్య చుట్టరికం ఏమీ లేదు.

స్టేజీ మీద ఆయన ముప్పై ఏళ్ళు బతికాడు. రాజులు, తాగుబోతులు, వడ్డీ వ్యాపారులు, ఒకసారి ఎవరో జ్వరంతో పడకేస్తే రాత్రికి రాత్రి ముసలి దాది వేషం కూడా. వీటన్నిటిలో జనం అడిగి అడిగి వేయించుకున్నది న్యాయాధికారి పాత్ర. దొంగతనంలో ఒక మనిషి ప్రాణం తీసిన సొంత కొడుక్కి ఆయనే శిక్ష వేయాలి. చివరి అంకంలో ఇరవై నిమిషాలు ఒక్కడే మాట్లాడతాడు. "ఈ చేత్తోనే నీకు నడక నేర్పాను, ఈ చేత్తోనే నీ నడక ఆపుతున్నాను" అని కుడిచెయ్యి పైకెత్తే చోట హాల్లో ముక్కులు చీదుకునే చప్పుడు మొదలయ్యేది. పదిహేడేళ్ళప్పుడు నేను చిట్టచివరి వరసలో కూర్చుని ఆ నాటకం చూశాను. మైకు లేదు. అంత దూరానికి కూడా ఆయన మాట్లాడుతున్నది నాతోనే అనిపించింది. ఇంటికి నడిచి వెళ్తూ దారంతా ఆ ముక్క గొణుక్కున్నాను, నా గొంతులో అది కిరాణా చీటీ చదివినట్టు ఉంది.

ఆ గొంతు వెనక పని ఎంతుందో తరువాత తెలిసింది. ప్రతి ప్రదర్శనకి ముందు ఖాళీ హాల్లో పిన్ని చివరి వరసలో కూర్చునేది. బాబాయి స్టేజీ మీద నిలబడి, అరవకుండా, పక్కనున్నవాడితో చెప్పినట్టు ఏదో అడిగేవాడు. ఇవాళ ఏం కూర వండావనో, నా చెప్పులు ఎక్కడ పెట్టావనో. ఆవిడకి వినబడితే చెయ్యెత్తాలి. చెయ్యి లేవకపోతే ఆయన గొంతు పెంచడు, నిలబడిన తీరు మార్చుకుని మళ్ళీ అడుగుతాడు. "అరవడానికి గొంతెందుకు, గిన్నె కింద పడేస్తే చాలు" అనేవాడు.

తరువాత నాటకాలు చూసేవాళ్ళు తగ్గారు. ముందు సగం హాలు, తరువాత నాలుగు వరసలు, తరువాత నటుల బంధువులు. హాలు సొంతదారు దాన్ని ఫర్నిచర్ దుకాణం చేశాడు. జనం కూర్చున్న చోట ఇప్పుడు సోఫాలున్నాయి, ఎవరూ కూర్చోకుండా వాటిమీద ప్లాస్టిక్ కవర్లు. బాబాయికి అప్పటికి యాభై నాలుగు. ఏడాదిపైన ఇంట్లో గోడలు చూస్తూ కూర్చున్నాడు. పిన్ని జాకెట్లు కుట్టి ఇల్లు నడిపింది.

అప్పుడు టీవీవాళ్ళు కబురు పెట్టారు. ఉమ్మడి కుటుంబం సీరియల్, అందులో తాతగారి పాత్ర. నెరిసిన కనుబొమ్మలు, లోపలికి పోయిన కళ్ళు చూడగానే ఖాయం చేశారు. మొదటిరోజు ఆయన ఒక్క డైలాగు చెప్పేసరికి సౌండు చూసే మనిషి చెవులకున్న హెడ్‌ఫోన్లు పీకేసుకున్నాడు. డైరెక్టరు నవ్వాడు. "సార్, మనవరాల్ని కాఫీ తెమ్మనాలి, అంతే. యుద్ధం ప్రకటించక్కర్లేదు." ఆయన తగ్గించి చెప్పాడు. ఇంకా తగ్గించమన్నారు. ఎంత తగ్గించినా ఆ గొంతుకి ఆ గది చాల్లేదు. చివరికి ముఖం ఉంచుకుని గొంతు మార్చేద్దామన్నారు. ఆయన ఇంటి అద్దె గుర్తు చేసుకుని సరేనన్నాడు.

ఆ గొంతుగా నన్ను తెచ్చారు. నాది పక్కింటి గొంతు. ఎవరింట్లోనైనా ఇమిడిపోతుంది, ఎవరికీ గుర్తుండదు. అప్పటిదాకా ప్రకటనల్లో టూత్‌పేస్టు కొనే తండ్రులకి, సినిమాల్లో "డాక్టరుగారొచ్చారు" అనే కాంపౌండర్లకి చెప్పుకుంటూ బతికాను. నేను చెప్పబోయేది ఎవరి ముఖానికో స్టూడియోలో తెరమీద చూసేదాకా నాకు తెలియదు. చూశాక బాత్రూముకి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చాను.

మా పని ఎలా ఉంటుందో రెండు ముక్కల్లో చెప్పాలి. షూటింగులో నటుడు మాట్లాడింది ఒక ట్రాకు మీద రికార్డవుతుంది, దాన్ని పైలట్ అంటారు. డబ్బింగ్ చెప్పేవాడు ఆ పైలట్‌ని చెవుల్లో వింటూ, తెరమీద పెదవులు చూస్తూ, అదే మాటని తన గొంతుతో చెప్పాలి. పెదవి మూసుకున్న చోట మన మాటలో కూడా పెదవి మూసుకునే అక్షరం పడాలి. ఆయన ఊపిరి తీసుకున్న చోటే మనమూ తీసుకోవాలి. అది పూర్తయ్యాక పైలట్‌తో ఎవరికీ పనిలేదు. ప్రతి శుక్రవారం ఇంజనీరు ఆ వారం పైలట్లన్నీ తుడిచేసి చోటు ఖాళీ చేస్తాడు.

రెండో వారంలో బాబాయి స్టూడియోకి వచ్చాడు, తన గొంతు తీసేసుకున్నవాడి మొహం చూద్దామని. నా వెనక కుర్చీలో గంటసేపు కూర్చున్నాడు. నా చొక్కా వీపుకి అంటుకుపోయింది. లేచేటప్పుడు అన్నాడు: "మాట బాగానే చెప్తున్నావు. ఊపిరే దొంగతనం చేస్తున్నావు. నేను ముక్కుతో పీలిస్తే నువ్వు నోటితో పీలుస్తున్నావేంట్రా? ముఖం అబద్ధమాడినట్టుంది." ఆ సాయంత్రం ఇంటికి తీసుకెళ్ళాడు. పిన్ని కుట్టుమిషను పక్కకి జరిపి, కింద కూర్చోబెట్టి, నా పొట్టమీద ఓ పుస్తకం పెట్టించి ఊపిరి తీయడం నేర్పించాడు. అప్పట్నుంచి నా పేరు "గొంతు". "ఏరా గొంతూ, ఇవాళ నేనేం మాట్లాడాను?" అని ఫోన్ చేసేవాడు. నవ్వుతూనే అడిగేవాడు. ఆ నవ్వు నమ్మడం నాకు సుఖంగా ఉండేది.

సీరియల్ జనానికి ఎక్కింది. ఆయన రోడ్డుమీద నడవలేని రోజులు వచ్చాయి. ఒకరోజు కూరగాయల దుకాణంలో ఒకావిడ కూతుర్ని ముందుకి తోసి, "తాతగారూ, మా పిల్లకి బాగా చదువుకోమని ఒక్క మాట చెప్పండి" అంది. ఆయన వంగి, తన గొంతుతో, "బాగా చదువుకో తల్లీ" అన్నాడు. పిల్ల బెదిరి తల్లి వెనక దాక్కుంది. ఆవిడ నొచ్చుకుంటూ, "అయ్యో, జలుబు చేసిందా అండీ? టీవీలో మీ గొంతు ఎంత మెత్తగా ఉంటుందో!" అంది. ఇది నాకు పిన్ని చెప్పింది. నా కళ్ళతో నేను చూసింది ఇంకొకటి. ఆరునెలల తరువాత ఒక బ్యాంకులో నలుగురు ఆయన్ని చుట్టుముట్టారు. ఆయన వాళ్ళతో మాట్లాడాడు, నా గొంతుతో. గొంతు నొక్కిపెట్టి, ముక్కులోంచి, నేను సాగదీసే చోటల్లా సాగదీస్తూ అచ్చం నాలా. వాళ్ళు సంతోషంగా వెళ్ళిపోయారు. నన్ను చూసి కన్నుకొట్టాడు, "ఎలా ఉందిరా నీ వేషం?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. అది ఆయన వేసిన వేషాలన్నిట్లోకీ నీచమైనది, దానికి కారణం నేను.

పదో ఏడు దాటాక పైలట్‌లో తేడా వినబడింది.

మొదట చాలా చిన్నది. "పాప" అనే మాటలో రెండో "ప" దగ్గర పెదవులు పూర్తిగా మూసుకోలేదు. కుడి మూల ఒక క్షణం వెనకబడింది. పన్ను నొప్పేమో అనుకున్నాను. పది రోజులకి "రా" అనాల్సిన చోట నాలుక జారి ఇంకేదో పలికింది. ఇంకో నెలకి, కోడళ్ళకి బుద్ధి చెప్పే పెద్ద సీనులో, ఒక వాక్యం చివర ఐదారు మాటలు మాటలే కావు. ముద్ద. వెంటనే తేరుకుని మళ్ళీ చెప్పాడు. షూటింగులో వాళ్ళు ముసలాయన డైలాగు మర్చిపోయాడనుకున్నారు, ఎలాగూ డబ్బింగే కదా అని ముందుకెళ్ళిపోయారు. ఇంజనీరు తెరమీద చూసి, "లిప్ ఏంటి ఇలా ఉంది?" అన్నాడు. "నేను చూసుకుంటాలే" అన్నాను.

చూసుకున్నాను. పెదవి ఆలస్యమైన చోట ఒక నిట్టూర్పు పెట్టాను. మూసుకోని పెదవికి తగ్గట్టు మాట మార్చాను. ముద్దగా ఉన్న చోట ఒక దగ్గు, దగ్గు తరువాత గొంతు బొంగురు. ఎక్కడా అతుకు కనిపించదు. సిగ్గులేకుండా చెప్పాలంటే, నా జీవితంలో అంత మంచి పని ఎప్పుడూ చేయలేదు. "ఈమధ్య తాతగారి పాత్రకి కొత్త బరువొచ్చింది" అని డైరెక్టరు అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఆ మెప్పు సగం బాబాయికి, సగం నాకు. ఇద్దరం తలవంచి తీసుకున్నాం.

సరిగ్గా ఆ రోజుల్లోనే సమాజం మేనేజరు మళ్ళీ వచ్చాడు. ఎనభై దాటిన మనిషి, చేతికర్రతో. ఒక కళాశాల హాలు మూడు ఆదివారాలకి దొరికిందట. న్యాయాధికారి నాటకం వేద్దాం, చచ్చేలోపు ఇంకోసారి నీ గొంతు వినాలి అన్నాడు. పిన్ని చెప్పింది, ఆ సాయంత్రం బాబాయి వంటింట్లోకి వచ్చి చిన్నపిల్లాడిలా ఏడ్చాడని.

మర్నాడు స్టూడియో మెట్లమీద నా కోసం కూర్చుని ఉన్నాడు. పక్కన చోటు చూపించాడు. నాటకం సంగతి చెప్పాడు.

"ఒరేయ్, ఒక మాట నిజం చెప్పాలి. పొద్దున్న టీ తాగుతుంటే మూతి పక్క నుంచి కారిపోయింది. నాకు తెలియనే లేదు, మీ పిన్ని చూసింది. ఒక్కోసారి నాలుక మొద్దుబారినట్టుంటోంది."

"ఎప్పట్నుంచి?"

"అదే నిన్నడుగుదామని. డాక్టరు దగ్గరికి వెళ్దామని మీ పిన్ని పోరు పెడుతోంది. వెళ్తే వాడు ముందు నాటకం మానేయమంటాడు, ఆ తరువాతే నాడి చూస్తాడు. నా మాట నాకు లోపల్నుంచి వినబడుతుంది, అది లెక్కలోకి రాదు. మీ పిన్ని చెవికి నా మాట అలవాటైపోయింది, బయట్నుంచి రోజూ పట్టిపట్టి వినేవాడివి నువ్వొక్కడివే. తేడా ఉందంటే చెప్పు, ఇవాళే వెళ్తా. లేదంటే నాటకం అయ్యాక వెళ్తా. నీ మాటే నాకు మాట."

ఆయన నా వంక చూస్తున్నాడు. చెప్పడానికి నాకు కావలసినంత సమయం ఉంది. నా బుర్ర ఎటు పరిగెత్తిందో రాస్తాను. డాక్టరంటే విశ్రాంతి, విశ్రాంతంటే సీరియల్ నుంచి తాతగారు పోవడం, ముఖం పోతే గొంతు పోతుంది. మిగతా పనులన్నీ కొత్తవాళ్ళకి పోయాయి, నాకు మిగిలింది ఆ ముఖం ఒక్కటే. దానికి తోడు, ఇన్ని నెలలు విని ఎందుకు చెప్పలేదంటే ఏం చెప్పాలి? నాటకం మీద ఆయనకున్న ఆశ చంపలేక చెప్పలేదని తరువాత చాలా రోజులు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది అబద్ధం. ఆయన ఆశ నాకు సాకు.

"చెక్కుచెదరలేదు బాబాయి" అన్నాను. "మీకు అనుమానం ఎక్కువైంది."

ఆయన ముఖం వెలిగింది. నా వీపుమీద ఒక్కటి చరిచి, మోకాళ్ళు పట్టుకుని లేచాడు.

నెలపైన రిహార్సల్స్ జరిగాయి. నేను రెండుసార్లు వెళ్ళాను. బాబాయి బ్రహ్మాండంగా చెప్తున్నాడు, ఎక్కడా తొట్రుపాటు లేదు. చూశావా, ఏమీ లేదు అనుకున్నాను. పిన్ని పాత కోటు విప్పి మళ్ళీ కుట్టింది. ఛాతీ దగ్గర లోపలికి మడిచి కుట్టాల్సి వచ్చిందని నాతో అంది, ఆయన వినకుండా.

మొదటి ఆదివారం మధ్యాహ్నం నాలుగింటికి హాలు నిండిపోయింది. వచ్చినవాళ్ళలో ముప్పాతిక మంది సీరియల్ తాతగారి కోసం వచ్చినవాళ్ళే. ఆయన కనబడగానే చప్పట్లు, ఈలలు. నోరు తెరవగానే గుసగుసలు. నా ముందు వరసలో ఒకతను భార్యతో, "ఇదేంటి, గొంతు వేరే ఎవరిదో పెట్టారు?" అన్నాడు. నాకు అతని కాలర్ పట్టుకోవాలనిపించింది. రెండో అంకానికి గుసగుసలు ఆగాయి. మూడో అంకంలో ఆయన కొడుకు పేరు మెల్లిగా, ఒకే ఒక్కసారి పిలిచాడు. ముందు వరసలో ఉన్నతను భార్య చెయ్యి పట్టుకున్నాడు. నేను పదిహేడేళ్ళప్పటి చివరి వరసలోకి వెళ్ళిపోయాను. అంత ఆనందం నాకు మళ్ళీ దొరకలేదు.

చివరి ప్రసంగం సగం దాటాక, "ఈ చేత్తోనే" దగ్గర ఆగాడు. మళ్ళీ "ఈ చేత్తోనే" అన్నాడు. చెయ్యి లేవలేదు. మూడోసారి చెప్పినప్పుడు మాట ముద్దయింది. జనం ఊపిరి బిగబట్టి చూస్తున్నారు, శిక్ష వేయలేక తండ్రి గొంతు పూడుకుపోయిందని. నేను మూడో వరసలో ఉన్నాను. ఆ పెదవులు నాకు నా పెదవులకన్నా బాగా తెలుసు. కుడి మూల కిందికి జారిపోయి ఉంది. లేచి అరవాలి. లేవలేదు. ఒక్క క్షణం, తేరుకుంటాడేమో, ఎప్పుడూ తేరుకుంటాడు కదా అనుకున్నాను. ఆ ఒక్క క్షణంలో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. ఆ చప్పట్ల మధ్య ఆయన మోకాళ్ళమీద కూలబడ్డాడు. చప్పట్లు ఇంకా పెరిగాయి. స్టేజీ పక్కనుంచి పిన్ని పరిగెత్తుకుంటూ వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు, నాకు తప్ప.

ఆసుపత్రిలో మూడో రోజున డాక్టరు పిన్నిని, నన్ను మంచం పక్కనే నిలబెట్టి మాట్లాడాడు. మెదడులో రక్తం గడ్డకట్టింది. కుడి పక్క పడిపోయింది. తెలివి పూర్తిగా ఉంది, మనం అన్నది అర్థమవుతుంది, గొంతే లేవదు. తరువాత అడిగాడు.

"ఇంతకు ముందు ఎప్పుడైనా మాట తడబడటం, మూతి వంకరపోవడం లాంటివి ఉన్నాయామ్మా? చిన్నచిన్నవి వచ్చి పోతుంటాయి. అప్పుడే తీసుకొచ్చుంటే మందులతో ఆపే వీలుండేది."

"ఒక్కసారి టీ ఒలికిందండీ" అంది పిన్ని. "నాకు భయమేసింది. కానీ ఈ అబ్బాయి రోజూ ఆయన మాట వింటాడు, తేడా ఏమీ లేదన్నాడు. అందుకే ఊరుకున్నాం."

డాక్టరు నా వైపు చూశాడు. "అవునండీ" అన్నాను. బాబాయి కళ్ళు మూసుకుని ఉన్నాడు.

సీరియల్ ఆగలేదు. నెల తిరక్కముందే ఇంకో ముసలాయన్ని తెచ్చి అవే కళ్ళజోడు, అదే కుర్చీ ఇచ్చారు. జనం తికమక పడకూడదని గొంతు పాతదే ఉంచారు. వారం రోజుల్లో అందరూ అలవాటుపడ్డారు. ముఖం పోతే గొంతు పోతుందని కదా నేను నోరు మూసుకున్నది. ముఖం పోయింది, గొంతు నిక్షేపంలా ఉంది. ఆ సంగతి తెలిసిన రోజు ఇంట్లో అద్దం ముందు నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయలేను.

ప్రతి ఆదివారం వాళ్ళింటికి వెళ్తున్నాను. ముందు గదిలో కిటికీ పక్కన మంచం వేశారు. పిన్ని ఆయనకి స్నానం చేయిస్తుంది, గడ్డం గీస్తుంది, చెంచాతో తినిపిస్తుంది. నేను పేపరు చదివి వినిపిస్తాను. ఒక ఆదివారం నన్ను వంటింట్లోకి పిలిచి అడిగింది.

"ఆయన గొంతు ఎక్కడైనా ఉందా నాయనా? నాటకాలు ఎవరూ రికార్డు చేయలేదు. ఆరోజు హాల్లో ఫోన్లలో తీశారంటే అడిగాను, అందులో అంతా చప్పట్లే. నువ్వు చెవుల్లో వినేవాడివే, అదన్నా ఉంటుంది కదా? పదకొండేళ్ళు మాట్లాడాడు, ఒక్క గంటైనా ఉండదా?"

ఉండదని నాకు తెలుసు. ఇంజనీరుని అడుగుతానన్నాను. అతను మంచివాడు. రెండు రోజులు పాత డిస్కులన్నీ వెతికి, ఏమీ దొరక్క, ఆ మాట ఫోన్లో చెప్పలేక తనే నాతో వచ్చాడు. పిన్ని విని, "సరే బాబూ, నీ తప్పేముంది" అంది. టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళింది.

ఇంజనీరు మంచం పక్కన కుర్చీలో కూర్చుని, రోగిని సంతోషపెట్టాలనుకున్నాడు కాబోలు, గట్టిగా మొదలుపెట్టాడు. "సార్, మీకూ మీవాడికీ ఉన్న బంధం నేనెక్కడా చూడలేదు. చివర్లో ఆరేడు నెలలు మీ పెదవి సరిగ్గా కదిలేది కాదు, మాట కూడా ముద్దగా ఉండేది. ఇంకొకడైతే చేతులెత్తేసేవాడు. మీవాడు ఒక్కటి కూడా బయటపడనివ్వలేదు సార్! ఎక్కడికక్కడ కప్పేశాడు. బంగారం లాంటి పనిమంతుడు."

నేను ఆపుదామని చెయ్యి పైకెత్తాను. అప్పటికే అతను అంతా చెప్పేశాడు. బాబాయి తల మెల్లిగా నా వైపు తిప్పాడు. ఇంజనీరు టీ తాగి, పిన్నికి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

పిన్ని వచ్చి మంచం అంచున కూర్చుని ఆయన దుప్పటి సర్దుతోంది. అప్పుడు ఆయన పెదవులు కదిలాయి. ఆసుపత్రి నుంచి వచ్చాక అదే మొదటిసారి. శబ్దం లేదు, కుడి సగం అసలు కదల్లేదు, ఎడమ సగమే. కింది పెదవి పై పళ్ళని తాకింది. నోరు తెరుచుకుంది. పెదవులు గుండ్రంగా ముందుకొచ్చాయి. మళ్ళీ తెరుచుకుంది. ఆగి, ఇంకోసారి అదే వరస.

విన్నావుగా.

పిన్ని గబుక్కున నా చెయ్యి పట్టుకుంది. "ఏదో అంటున్నాడు! నీకు తెలుస్తుంది కదా, నువ్వు చెప్పు. ఏమంటున్నాడు?"

నేను ఆయన పెదవుల వంక చూశాను. ఆయన ఊపిరి తీసుకున్న చోటే నేనూ తీసుకున్నాను.

"గాలి ఎక్కువగా ఉందట పిన్నీ" అన్నాను. "కిటికీ వేయమంటున్నాడు."

"అయ్యో, చెప్పొచ్చు కదయ్యా ఇంతసేపూ" అని ఆవిడ ఏడుస్తూ, నవ్వుతూ లేచి కిటికీ మూసింది. ఆ తరువాత నేను వెళ్ళిన ఏ ఆదివారమూ బాబాయి పెదవులు కదపలేదు.